ఈసారి ట్రాన్స్‌ఫర్ మా ఆవిడకు

ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసులో నాకు ఏడు ట్రాన్స్‌ఫర్లు వచ్చాయి. ఏడుసార్లూ మా ఆవిడ ఉద్యోగం వదిలేసింది. ఆమె ఇంగ్లీషు టీచరు. ఎం.ఏ., బీఈడీ చేసి పదహారేళ్లుగా ఒక ప్రైవేటు స్కూలు నుంచి మరో ప్రైవేటు స్కూలుకు మారుతూనే వచ్చింది. ప్రతి కొత్త ఊళ్లోనూ మళ్లీ డెమో క్లాసు, మళ్లీ కింది నుంచి మొదలయ్యే జీతం. మన బ్యాంకు ఇళ్లలో ఇది కొత్త కథేమీ కాదు కనుక దీని గురించి ఎక్కువ రాయను. 2023లో మాత్రం లెక్క తిరగబడింది. మాల్దీవుల్లో ఒక ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చెప్పడానికి రెండేళ్ల కాంట్రాక్టు ఆమెకు వచ్చింది. నేనూ, మా అమ్మా, ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయీ విజయవాడలో ఉండిపోయాం. ఆమె పెట్టె సర్దుకుని వెళ్లింది.

ఈ మధ్య మన సిబ్బంది ఇళ్ల నుంచి టీచర్లుగా విదేశాలకు వెళ్లేవాళ్లు కనిపిస్తున్నారు. మా సంగతి తెలిసినవాళ్లు ఫోన్ చేసి "ఏమేం తీసుకెళ్లాలి? జీతం ఎంత మిగులుతుంది?" అని అడుగుతుంటారు. ఆ రెండింటికీ జవాబులు పది నిమిషాల్లో చెప్పెయ్యొచ్చు. ఎవరూ అడగనిది ఇంకొకటుంది. అక్కడికి వెళ్లిన మనిషి కుదురుకోవడంలో ఇక్కడ ఉండిపోయిన మనం ఏం చేస్తున్నాం అన్నది. దాని గురించి నాకు తెలిసిందంతా నేను చేసిన పొరపాట్ల వల్ల తెలిసిందే.

ముందు ఆ చోటు ఎలాంటిదో చెప్పాలి. మాల్దీవులు అనగానే మనకు నీటి మీద కట్టిన రిసార్టులు, సముద్రం మీద దిగే చిన్న విమానాలు గుర్తుకొస్తాయి. టీచర్లు వెళ్లే మాల్దీవులు వేరు. దాదాపు 1,200 దీవుల్లో స్థానికులు కాపురం ఉండేవి రెండు వందల లోపే. అందులో చాలావాటి జనాభా మన ఒక మోస్తరు అపార్ట్‌మెంటు సముదాయం పాటి ఉంటుంది. మా ఆవిడ వెళ్లింది ఉత్తరాన హా ధాలు అటాల్‌లో ఒక చిన్న దీవికి. బెంగళూరు నుంచి మాలే, మాలే నుంచి చిన్న విమానంలో హనిమాధూ, అక్కడి నుంచి స్పీడ్ బోటు. దీవి ఒక కొస నుంచి మరో కొసకు నడిస్తే పావుగంట. ఒక బడి, ఒక ఆరోగ్య కేంద్రం, మసీదు, నాలుగు కొట్లు. కుక్క అన్నది కనపడదు, దేశంలోనే నిషేధం. మద్యం, పంది మాంసంతో పాటు పూజకు వాడే విగ్రహాలనూ కస్టమ్స్ లోపలికి రానివ్వదు. అక్కడ ఇస్లాం రాజ్య మతం. ఇతర మతాల ఆరాధన బహిరంగంగా చేయకూడదు. మా అమ్మ పెట్టెలో పెట్టిన వెంకటేశ్వరస్వామి వెండి ప్రతిమను చివరి నిమిషంలో తీసి మళ్లీ పూజగదిలో పెట్టాం. ఆ సాయంత్రం మా అమ్మ భోజనం చేయలేదు. వెళ్లే దేశపు నియమాలు ఇంట్లో పెద్దవాళ్లకు టికెట్లు కొనకముందే చెప్పాలని నాకు అప్పుడు తోచలేదు.

ఇంకో చిన్న సంగతి. బయటివాళ్లకు ఇది చిన్నదే గానీ బ్యాంకు ఇళ్లకు కాదు. అక్కడ వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. ఆదివారం బడి ఉంటుంది. నా సెలవు ఆదివారం, ఆమె సెలవు శుక్రవారం. ఇద్దరికీ కలిసే సెలవులు నెలకు రెండే, రెండో శనివారం, నాలుగో శనివారం. గడియారంలో తేడా అరగంటే. మనకు తొమ్మిదైతే వాళ్లకు ఎనిమిదిన్నర. అయినా తీరిగ్గా మాట్లాడుకోవడానికి మేం నెలకు రెండు శనివారాల కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. మిగతా రోజుల్లో రాత్రి ఎనిమిదిన్నర తర్వాత ఫోన్. అప్పటికి నేను బ్రాంచి నుంచి వచ్చి అలసిపోయి ఉంటాను. ఆమె మరుసటి రోజు పాఠాలు రాసుకుంటూ ఉంటుంది.

రెండో వారంలో ఒక రాత్రి ఆమె, "ఏవండీ, అసలు నాకు ఇంగ్లీషు వచ్చంటారా?" అని అడిగింది.

నేను నవ్వేశాను. నేను చేసిన మొదటి తప్పు అదే. ఇంట్లో నా ప్రమోషన్ ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు దిద్దేది ఆవిడే. ఆమెకు ఇంగ్లీషు రాకపోవడమేమిటి అనుకున్నాను. కానీ అక్కడ జరిగింది వేరు. ఇక్కడ ఆమె యాభై, అరవై మంది ఉన్న క్లాసును ఒక్క చూపుతో అదుపులో పెట్టేది. పాఠం చదివి, అర్థం చెప్పి, ప్రశ్నజవాబులు రాయించి, పరీక్షలో మార్కులు తెప్పించేది. అక్కడ క్లాసులో ఇరవై మంది. మాలేలో 1960లలో మొదలైన ఇంగ్లీషు మీడియం చదువు ఇప్పుడు దీవులన్నిటికీ వ్యాపించింది. ఇస్లాం, ధివేహి భాష తప్ప మిగతా పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే. పదో గ్రేడు చివర కేంబ్రిడ్జి పరీక్షలు రాస్తారు. పైగా పిల్లలు యూట్యూబు చూసి చూసి గడగడా మాట్లాడతారు. ఆమె 'వి'కీ 'డబ్ల్యూ'కీ తేడా లేకుండా పలికిందని మొదటి రోజే వెనక బెంచీలో కిసుక్కున నవ్వు వినపడింది. లీడింగ్ టీచర్, అంటే ఆ సబ్జెక్టుకు పెద్ద టీచరు, ఒక పీరియడంతా వెనక కూర్చుని రాసిన నోటులో ఒకే విషయం ఉంది: నలభై నిమిషాల్లో టీచరు ముప్పై నిమిషాలు మాట్లాడారు, పిల్లలు మాట్లాడలేదు.

పదహారేళ్ల అనుభవం ఉన్న మనిషికి ఇది ఎలా ఉంటుందో మనకు అర్థం కావాలంటే, స్కేల్ త్రీ ఆఫీసరును ఒక ఉదయాన ప్రొబేషనరీ కుర్చీలో కూర్చోబెట్టి వోచర్ ఎలా పాస్ చేయాలో నేర్పితే ఎలా ఉంటుందో ఊహించండి. ఇంటి మీద బెంగ, తిండి, ఉక్కపోత అన్నీ ఉన్నాయి. కానీ వాటికి మనం ముందే సిద్ధపడతాం. మనకు బాగా వచ్చనుకున్న పనిలోనే కొత్తవాళ్లమైపోతామని ఎవరూ ముందుగా చెప్పరు.

నేనేం చేశాను? ఎంబీఏలో చదివింది చెప్పాను. మానవ వనరుల పాఠంలో ఒక గీత ఉంటుంది, ఇంగ్లీషు 'యు' అక్షరంలా. నార్వే సామాజిక శాస్త్రవేత్త లిస్గార్డ్ 1955లో, అమెరికా వెళ్లి వచ్చిన రెండు వందల మంది నార్వే స్కాలర్లను పరిశీలించి చెప్పిన మాట అది. మొదట్లో బాగుంటుంది, మధ్యలో కుంగుతారు, తర్వాత తేరుకుంటారు. అదే కాలంలో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త 'కల్చర్ షాక్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చి, అందులో మొదటి దశకు హనీమూన్ అని పేరు పెట్టాడు. ఇదంతా ఫోన్లో పది నిమిషాలు వివరించి, "నువ్విప్పుడు హనీమూన్ దశలో ఉండాలి" అన్నాను. అటువైపు కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత "రేపు పొద్దున్నే బడి, పడుకుంటాను" అంది.

న్యాయంగా చెప్పాలంటే ఆ గీతను తర్వాతి పరిశోధకులు కూడా పూర్తిగా ఒప్పుకోలేదు. జపాన్ నుంచి న్యూజిలాండ్ వెళ్లిన విద్యార్థుల మీద 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో, అందరికంటే కష్టమైన కాలం దిగిన తొలి రోజులేనని తేలింది. హనీమూన్ అనేది సెలవులకు వెళ్లినవాళ్లకు ఉంటుందేమో. ఉద్యోగానికి వెళ్లినవాళ్లకు దిగిన రోజు నుంచే వైద్య పరీక్షలు, వర్క్ పర్మిట్ కార్డు, బ్యాంకు ఖాతా, అద్దె ఇల్లు, క్లాసు. ఈ సంగతి నేను పుస్తకం తిరగేసి తెలుసుకునేసరికి ఆమె రెండో నెలలో ఉంది.

ఈలోగా నా రెండో తప్పు రోజూ జరుగుతూనే ఉంది. నేను ఒక ఎక్సెల్ షీటు తయారుచేశాను. జీతం పడిందా, ఎంత పడింది, అద్దె ఎంత, గదిలో కరెంటు బిల్లు ఎవరిది, కాంట్రాక్టులో చెప్పిన అలవెన్సు వచ్చిందా. రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్ చేసి వరుసగా అడిగేవాణ్ణి. ఆమె జవాబులు చెప్పేది. నేను గడులు నింపుకునేవాణ్ణి. మూడో నెలలో ఆమె రోజు విడిచి రోజు ఫోన్ ఎత్తడం మొదలుపెట్టింది. సిగ్నల్ బాగాలేదేమో అనుకున్నాను. ఒక రాత్రి మా అమ్మాయి, "నాన్నా, మీరు అమ్మతో మాట్లాడట్లేదు, ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారు" అంది. అమ్మాయితో ఆమె రోజూ వాట్సాప్‌లో మాట్లాడుతూనే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ షీటులో నేను నింపని గడి ఒకటుంది. అది నా వృత్తికి సంబంధించినదే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. ఉద్యోగం కోసం దేశం విడిచిన రోజు నుంచే ఫెమా నిబంధనల ప్రకారం ఆ మనిషి నాన్ రెసిడెంట్ అవుతారు. ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించాలి. అక్కడ సంపాదించి పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు, ఎన్‌ఆర్‌ఓ వడ్డీకి ఉంటుంది, మూలంలోనే కోసేస్తారు. కౌంటర్ దగ్గర ఎంతమందికి ఇది చెప్పానో లెక్కలేదు. మా ఇంట్లో మాత్రం నాలుగు నెలలు ఆమె పాత ఖాతా అలాగే ఉంది. పైగా ఆమె భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ వేయించలేదు, ఓటీపీ ఆ దీవికి చేరదు. ఆమె సంతకం కావాల్సిన ఫారాలు పోస్టులో పంపి తెప్పించడానికి పట్టిన రోజులు తలచుకుంటే, బయల్దేరే ముందు ఒక్క గంట బ్రాంచిలో కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది కదా అనిపిస్తుంది. ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. ఆదాయపు పన్నుకు ఈ లెక్క వేరు. ఉద్యోగానికి వెళ్లే భారత పౌరులు ఆ ఆర్థిక సంవత్సరంలో మన దేశంలో 182 రోజులు ఉన్నారా లేదా అన్నది చూస్తారు. సెప్టెంబరు నెలాఖరుకు ముందు వెళ్లారా, తర్వాతా అన్నదాన్ని బట్టి ఆ ఏడాది పన్ను సంగతి మారిపోవచ్చు. ఫెమాలో నాన్ రెసిడెంట్, పన్నులో రెసిడెంట్ అయిన మనిషి అరుదేమీ కాదు.

డబ్బు పంపడం దగ్గర ఇంకో ముడి ఉంది. ప్రభుత్వ బడుల్లో జీతం మాల్దీవుల రుఫియాలో ఇస్తారు. డాలరుకు అధికారిక రేటు 15.42 రుఫియాలు. కాగితం మీద హాయిగా ఉంటుంది. కానీ ఆ దేశానికి డాలర్లు ప్రధానంగా పర్యాటకం నుంచి రావాలి, బియ్యం నుంచి డీజిలు దాకా అన్నీ డాలర్లు పెట్టి దిగుమతి చేసుకోవాలి. అందుకే డాలర్ల కొరత. బయట అధికారిక రేటుకు డాలరు దొరకదు. బ్యాంకు ద్వారా ఉద్యోగులు నెలకు ఇంతే పంపవచ్చని పరిమితులు ఉంటాయి, అవి మారుతూ ఉంటాయి. 2024 అక్టోబరులో మన రిజర్వ్ బ్యాంకు మాల్దీవులకు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల కరెన్సీ స్వాప్ సదుపాయం ఇచ్చింది. ఆ వార్తను మనం డెస్కు దగ్గర ట్రెజరీ విషయంగా చదివి పక్కన పెట్టేస్తాం. నా మట్టుకు నాకు అది మా అమ్మాయి కోచింగు ఫీజు వార్త. ఎందుకంటే ఆమె జీతంలో మిగిలినదాన్ని నెలనెలా పంపి ఆ ఫీజు కట్టాలన్నది మేం వేసుకున్న ప్రణాళిక. మిగులు ఉంది, కానీ అక్కడి ఖాతాలో రుఫియాల రూపంలో ఉంది.

అక్కడ తోటి ఉద్యోగి ఒకరు ఆమెకు దారి చూపించారు. రుఫియాలు అక్కడ ఫలానా మనిషికి ఇస్తే, విజయవాడలో వాళ్ల మనిషి మా ఇంటికి రూపాయలు తెచ్చిస్తాడు. రేటు కొంచెం తక్కువ, పని మాత్రం సులువు. "అందరూ చేస్తున్నారట" అంది ఫోన్లో. నేను ఒక్కసారిగా గొంతు పెంచాను. అధీకృత సంస్థల ద్వారా తప్ప విదేశీ మారకం లావాదేవీలు చేయకూడదని ఫెమా మూడో సెక్షను స్పష్టంగా చెబుతుంది. దీనికి హవాలా అని పేరు. బ్యాంకు ఆఫీసరు ఇంటికి అలా డబ్బు వస్తే నా ఉద్యోగం ఏమవుతుందని అడిగాను. చెప్పిన విషయం సరైనదే. కానీ ఆమె ఆ పని చేస్తానని అనలేదు, ఇలా ఒకటి ఉందని చెప్పింది అంతే. పైగా ఆ ఫీజు గడువు గురించి వారం రోజులుగా ఆమెను సతాయిస్తున్నది నేనే. చివరకు నా స్టాఫ్ ఓవర్‌డ్రాఫ్ట్ లోంచి ఫీజు కట్టాను. ఎక్సెల్ షీటు మూసేశాను. విదేశీ జీతం మీద ఆధారపడి ఇక్కడ కంతులు పెట్టుకోబోయే కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే. మొదటి ఏడాది ఆ డబ్బు రాదనుకుని లెక్క వేసుకోండి. అక్కడి మనిషి మీద నెలాఖరు ఒత్తిడి ఉండదు.

ఇక అక్కడ ఆమె ఎలా కుదురుకుంది అన్నది. ఇందులో నా పాత్ర ఏమీ లేదు కనుక ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

మొదలు మునగాకుతో. ఆ దీవికి కూరగాయలు పడవలో వస్తాయి. పడవ రాకపోతే ఉల్లిపాయ, బంగాళాదుంప, పప్పు. వీటిలో చాలాభాగం మన దేశం నుంచే వెళ్తాయి. 1981 నాటి వాణిజ్య ఒప్పందం కింద బియ్యం, గోధుమపిండి, పంచదార, పప్పు, ఉల్లి, గుడ్ల వంటివి మాల్దీవులకు ఏటా ప్రత్యేక కోటాలో పంపుతారు. పచ్చటి ఆకు మాత్రం దొరకడం కష్టం. ఒకరోజు పొరుగింటి పెరట్లో మునగ చెట్టు చూసి ఆమె ఆగిపోయింది. ఆ ఇంటావిడ "మురంగా?" అంది. మా ఆవిడ "మునగ" అంది. ఆ తర్వాత భాష అక్కర్లేకపోయింది. ఆవిడ కొమ్మ విరిచి ఇచ్చింది. మర్నాడు ఈమె మునగాకు పప్పు గిన్నెలో పెట్టి పంపింది. గిన్నె తిరిగి వచ్చేటప్పుడు అందులో ట్యూనా చేప, కొబ్బరి కలిపి చేసిన మస్‌హుని ఉంది. మాది శాకాహారపు ఇల్లు. ఆ సంగతి సైగలతో చెప్పాల్సి వచ్చేసరికి ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారట. అప్పటి నుంచి చేప లేనివి వేరే గిన్నెలో వచ్చేవి. చేప లేకుండా వంట చేయడం ఆ దీవిలో ఎంత వింతో ఆలోచిస్తే ఆ పొరుగావిడ శ్రద్ధ అర్థమవుతుంది. 2024 జనవరిలో రెండు దేశాల మధ్య సోషల్ మీడియాలో మాటల యుద్ధం నడిచినప్పుడు నేను టీవీ చూసి భయపడి ఫోన్ చేశాను. "ఈ వారం గిన్నెలు రెండు వచ్చాయి" అంది, అంతే.

క్లాసు సంగతి మారింది మాత్రం భాష వల్ల. ఆమె పిల్లల దగ్గర ధివేహి అంకెలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఎకే, దే, తినే, హతరే, ఫహే. ధివేహి సంస్కృతంతో చుట్టరికం ఉన్న భాష, సింహళానికి దగ్గర. పాత 'ప' చాలాచోట్ల 'ఫ' అయింది. పంచ అక్కడ ఫహే, పానీయం ఫెన్ అంటే నీళ్లు. అరువు తెచ్చుకున్న ఇంగ్లీషు మాటలకు చివర ఉకారం తగిలిస్తారు. కారు, ఫోను, స్కూలు. ఈ ముక్క ఫోన్లో చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉత్సాహం మొదటిసారి విన్నాను. పదహారేళ్లు తెలుగు పిల్లలకు 'కారు' కాదురా, 'కార్' అని దిద్దిన మనిషి. అదే తప్పు, అదే మందు. తనకు తెలియని పిల్లలు కారు వీళ్లు.

తర్వాత లిపి. ధివేహి రాసే తానా లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అందులో మొదటి తొమ్మిది అక్షరాలూ అరబ్బీ అంకెల నుంచి పుట్టాయి. ప్రతి అక్షరానికీ పైనో కిందో ఒక అచ్చు గుర్తు తగిలిస్తారు. మన గుణింతంలాంటిదే. ఆమె ఒక పీరియడులో సుద్దముక్క పిల్లల చేతికిచ్చి, "నాకు మీ అక్షరాలు నేర్పండి, కానీ ఇంగ్లీషులోనే చెప్పాలి" అంది. ఆరో గ్రేడు పిల్లలు. ఎలా పట్టుకోవాలి, ఎటు నుంచి మొదలుపెట్టాలి, చుక్క ఎక్కడ పెట్టాలి అన్నీ ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. ఈమె కావాలని కాదు, నిజంగానే తప్పు రాసింది. వెనక బెంచీలో నవ్విన పిల్లాడే వచ్చి ఎర్ర పెన్నుతో ఆమె నోటుబుక్కు దిద్దాడు. నలభై నిమిషాల్లో ఆమె మాట్లాడింది ఐదు నిమిషాలు. తాను కుడి నుంచి ఎడమకు రాయడానికి తంటాలు పడ్డాక, ఒకటో గ్రేడు పిల్లలు కొందరు ఇంగ్లీషు నోటుబుక్కును వెనక అట్ట వైపు నుంచి ఎందుకు తెరుస్తారో ఆమెకు తెలిసింది. అంతకుముందు అది అల్లరి అనుకుందట.

అక్కడితో అంతా బాగైపోయిందని చెప్పను. పదో నెలలో, 2024 జూన్‌లో, రాజమండ్రిలో మా మామగారికి గుండెపోటు వచ్చింది. గురువారం సాయంత్రం ఆమెకు చెప్పాను. శుక్రవారం ఫెర్రీలు తిరగవు. అప్పటికే హుళంగు, అంటే వాళ్ల నైరుతి రుతుపవనాల కాలం మొదలైంది. సముద్రం పోటు మీద ఉంది, స్పీడ్ బోటు వాడు కట్టు విప్పనన్నాడు. హనిమాధూ కంటికి ఆనే దూరంలోనే ఉంది. ఆమె రెండు రాత్రులు సర్దిన పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుంది. పొరుగావిడ వచ్చి పక్కనే పడుకుందట. నేను ఆ రెండు రోజులూ ఆసుపత్రి వరండాలోంచి గంటగంటకూ ఫోన్ చేశాను. ఏ ప్రశ్నా అడగలేదు. బీపీ ఎంతుందో, డాక్టరు ఏమన్నాడో చెప్పి పెట్టేసేవాణ్ణి. కొన్నిసార్లు ఇద్దరం ఏమీ మాట్లాడకుండా లైను మీద ఉండేవాళ్లం. ఆదివారం రాత్రి ఆమె రాజమండ్రి చేరేసరికి స్టెంటు వేయడం అయిపోయింది. మామగారు కళ్లు తెరిచి, "పిల్లలకి పరీక్షలు కదమ్మా, ఎందుకొచ్చావు?" అన్నారు.

ఇలాంటి పరిస్థితికి కూడా కొంత ముందే సిద్ధపడవచ్చు. కాంట్రాక్టులో అత్యవసర సెలవు గురించి ఏం రాశారో సంతకానికి ముందే చదవాలి. తిరుగు టికెట్‌కు సరిపడా డబ్బు రుఫియాల్లో కాకుండా, వెంటనే వాడుకోగలిగేలా ఒక కార్డు మీద ఉండాలి. రెండోది మేం చేయలేదు. ఆ టికెట్ ఇక్కడి నుంచి నేను కొన్నాను, పొద్దున్న రెండు గంటలకు, వణుకుతున్న చేతులతో.

కాంట్రాక్టు రెండేళ్లూ పూర్తయ్యాక ఆమె మరో ఏడాదికి ఒప్పుకుంది. నన్ను అడిగి కాదు, చెప్పి. ఒకప్పుడు నేనూ అలాగే ట్రాన్స్‌ఫర్ ఆర్డరు తెచ్చి చూపించేవాణ్ణి కనుక అనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఈ డిసెంబరులో నేనూ అమ్మాయీ వెళ్తున్నాం. టూరిస్టులుగా వెళ్లే భారతీయులకు ముందుగా వీసా అక్కర్లేదు. ఎల్‌ఎఫ్‌సీ మాత్రం విదేశాలకు వర్తించదు, ఆశ చావక అడిగి కనుక్కున్నాను. ఏమేం తేవాలో ఆమె పట్టిక పంపింది. చింతపండు మూడు కిలోలు, ఇంగువ, ఎర్ర పెన్నులు రెండు డజన్లు, పొరుగావిడకు మంగళగిరి చీర బట్ట, పెద్దబాలశిక్షలు ఐదు. ఎడమ నుంచి కుడికి, గుండ్రంగా రాసే అక్షరాలు ఎలా ఉంటాయో చూడాలని క్లాసులో అడుగుతున్నారట. మాలే నుంచి వెళ్లే చిన్న విమానంలో బరువు పరిమితి తక్కువ. నిన్న రాత్రి తూకం వేసి చూసి, చింతపండు ఒక కిలో తగ్గించాం.